సంచి ఉంది, సరుకు లేదు: పూసపాటిరేగ తీరంలో ఒక వనామీ హ్యాచరీ కేసు

భోగాపురం దాటి పూసపాటిరేగ మండలం వైపు వెళ్తుంటే సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల్ని పుట్టించే హ్యాచరీలు వస్తాయి కదా, వాటిలో ఒకదాని కేసు ఇది. పేరు రాయను, రాసినా లాభం లేదు, ఎందుకంటే ఎండాకాలంలో ఇదే ఇబ్బంది ఇటు శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు కూడా చూశాను, ఒక్కొక్కరు దానికి ఒక్కో పేరు పెట్టుకుని తిరుగుతున్నారు. వనామీ రొయ్యల మెచ్యురేషన్ (తల్లీతండ్రి రొయ్యల్ని పండించి గుడ్లు పెట్టించే సెక్షన్) నడిపేవాళ్ళకి, కొత్తగా చేరిన టెక్నీషియన్లకి, ఆక్వా చదువుతున్న పిల్లలకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

కంప్లెయింట్ ఒక్క ముక్కలో చెప్పాలంటే గుడ్లు వస్తున్నాయి, నాప్లీ, అంటే గుడ్డులోంచి వచ్చే తొలి పిల్లలు, రావట్లేదు. ఏప్రిల్ మొదట్లో హ్యాచింగ్ 70 శాతం అటూ ఇటూగా నడిచింది, మే మూడో వారానికి 15కి దిగిపోయింది. ఆడవి పండుతున్నాయి, ఒక్కోటి లక్ష, లక్షన్నర గుడ్లు పెడుతోంది, ఆ లెక్కలో తేడా ఏమీ లేదు. తెల్లారి హ్యాచింగ్ ట్యాంకు మీద లైటు పెడితే నాప్లీ వెలుతురుకి గుంపుగా పైకి రావాలి కదా, వస్తున్నాయి గానీ పల్చగా, అడుగున మాత్రం తెల్లగా గుడ్లు పేరుకుపోయి కుళ్ళు వాసన.

నన్ను పిలిచేలోపు వాళ్ళు చేయాల్సినవన్నీ చేసేశారు, చేయకూడనివి కూడా కొన్ని చేశారు. మేతలో స్క్విడ్ పెంచారు, పాలీకీట్స్ (సముద్రపు పురుగులు) పెంచారు, లివర్ పెట్టారు, స్పానింగ్ నీళ్ళల్లో ఈడీటీఏ (నీళ్ళల్లో లోహాల్ని పట్టేసే కెమికల్) డోసు మార్చారు, ఫిల్టర్ బ్యాగులు మార్చారు, యూవీ లైట్లు మార్చారు, ఎవరో మందుల షాపాయన చెప్పాడని ఏదో టానిక్ ఫీడ్‌కి పట్టించారు. ఒంట్లో సత్తువ తగ్గినట్టు కనపడిన ఆడవాటిని తీసేసి కొత్తవాటికి ఆబ్లేషన్ (గుడ్లు పండటానికి ఒక కంటి కాడ తీసేయడం) చేశారు. ఏం మారలేదు. చివరికి ఓనర్ గారు ఒక నిర్ణయానికి వచ్చి కూర్చున్నారు: బ్రూడర్ల (తల్లీతండ్రి రొయ్యల) షిప్‌మెంటే బాలేదు, సప్లయర్ దగ్గరి చుట్టరికాలు కలిపి పంపాడు, ఇన్‌బ్రీడింగ్ అయిపోయింది, కొత్త షిప్‌మెంట్ తెప్పిద్దాం.

ఈ ఇన్‌బ్రీడింగ్ అనే మాట మన హ్యాచరీల్లో ఎవరికి ఏం అర్థం కాకపోయినా వాడేస్తారు. నేను ఓనర్ గారిని అడిగింది ఒక్కటే, ఇవే బ్రూడర్లు, ఇదే షిప్‌మెంట్, ఏప్రిల్‌లో 70 ఇచ్చాయి కదండీ, ఏప్రిల్‌లో లేని దగ్గరి చుట్టరికం మేలో ఎక్కడి నుంచి వస్తుంది? చుట్టరికం పుట్టుకతో ఉంటుంది, మధ్యలో రాదు. ఇంకోటి, ఇన్‌బ్రీడింగ్ వల్ల దెబ్బ తగిలితే చాలావరకు గుడ్డు ఫలదీకరణ జరిగి, కణాలు విడిపోవడం మొదలై, తర్వాత ఎక్కడో పిండం ఆగిపోతుంది, లేదా వంకర నాప్లీ వస్తాయి, లేదా లార్వా బలహీనంగా ఉంటుంది. గుడ్డు అసలు మొదలే పెట్టకపోతే అది వేరే సంగతి. ఈ రెండిట్లో ఏది జరుగుతోందో తెలియాలంటే తెల్లారి వచ్చి హ్యాచింగ్ లెక్కపెడితే సరిపోదు, రాత్రి గుడ్లు పడిన రెండు మూడు గంటలకి మైక్రోస్కోప్ దగ్గర కూర్చోవాలి. ఆ హ్యాచరీలో మైక్రోస్కోప్ ఉంది, లార్వా సెక్షన్‌లో ఉంది, మెచ్యురేషన్ సెక్షన్‌కి ఎప్పుడూ రాలేదు.

రాత్రి శాంపిల్ తీశాం. వనామీ గుడ్డు 0.22 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కంటికి చుక్క కింద లెక్క, 10 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో చక్కగా కనపడుతుంది. ఫలదీకరణ అయిన గుడ్డు చుట్టూ పొర లేచి, లోపల కణాలు సమంగా రెండు, నాలుగు, ఎనిమిది అలా విడిపోతూ పోతాయి, రెండు మూడు గంటలకి బోలెడు కణాలు కనపడాలి, 28 డిగ్రీల దగ్గర 14 గంటల ప్రాంతంలో నాప్లియస్ బయటికి వస్తుంది. మేం చూసిన గుడ్లల్లో ఎక్కువ భాగం ముద్దగా అలాగే ఉన్నాయి, కొన్నిట్లో వంకరటింకరగా చీలికలు ఉన్నాయి. ఈ చీలికల దగ్గర జాగ్రత్త, కొత్తవాళ్ళు వీటిని కూడా విడిపోతున్న కణాలు అనుకుని ఫెర్టైల్ కింద లెక్కేస్తారు, సమానంగా లేకపోతే లెక్కలో వేయకండి. సక్రమంగా విడిపోతున్నవి వందకి ఇరవై కూడా లేవు. ఉన్న ఆ కాస్తలో మాత్రం దాదాపు అన్నీ పొద్దునకి నాప్లీ అయ్యాయి. అంటే పిండం దగ్గర లోపం లేదు, నీళ్ళ దగ్గర లోపం లేదు, గుడ్డుకి మగ కణం అందట్లేదు, అంతే.

ఇక్కడ టెక్నీషియన్ ఒప్పుకోలేదు. మంచి అనుభవం ఉన్నాయన, వనామీకి ముందు టైగర్ రొయ్య నడిచిన రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నాడు. "మేటింగ్ బ్రహ్మాండంగా జరుగుతోంది సార్, నేనే టార్చ్ వేసి చూసి స్పానింగ్‌కి పంపుతున్నాను, మగది పెట్టిన స్పెర్మ్ సంచి అంటుకుని ఉన్నదాన్నే పంపుతాను, లేనిదాన్ని పంపను" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. చిక్కంతా అక్కడే ఉంది.

కాస్త వెనక్కి వెళ్ళాలి. టైగర్ రొయ్యలో ఆడదాని థెలికం (స్పెర్మ్ సంచి చేరే చోటు) మూసుకుని ఉంటుంది. ఆడది మౌల్ట్ అయి (పాత పెంకు వదిలి) కొత్త పెంకు మెత్తగా ఉన్నప్పుడు మగది కలుస్తుంది, స్పెర్మ్ సంచి ఆ మూసిన అరలో భద్రంగా ఉండిపోతుంది, మళ్ళీ మౌల్ట్ అయ్యేదాకా ఆ నిల్వతోనే పనవుతుంది. అందుకే టైగర్ రోజుల్లో విశాఖ, కాకినాడ సముద్రంలో బోట్లవాళ్ళు పట్టిన గుడ్డు తల్లిని వేలకి వేలు పోసి కొనుక్కొచ్చేవాళ్ళు, దాని ఒంట్లో సముద్రంలోని మగ రొయ్య స్పెర్మ్ ఎప్పుడో చేరి ఉండేది. మగదాన్ని హ్యాచరీవాడు ఎక్కువగా చూడాల్సిన అవసరమే పడేది కాదు. 2009లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వనామీకి అనుమతి ఇచ్చాక రొయ్య మారింది, షెడ్లు మారాయి, రేట్లు మారాయి, చూపు మాత్రం చాలామందికి మారలేదు. వనామీ ఆడదాని థెలికం తెరిచి ఉంటుంది. గుడ్లు పండి, పెంకు గట్టిగా ఉన్నప్పుడే, చీకటి పడే వేళకి మగది వెంటపడి సంచిని కింద కాళ్ళ మధ్య బయటే అంటిస్తుంది, కొన్ని గంటల్లో గుడ్లు పడిపోతాయి. నిల్వ లేదు. ఏ రాత్రి గుడ్డుకి ఆ రాత్రి మగదే దిక్కు. ఇలాంటి రొయ్యలో సగం పని మేల్స్‌దే, కానీ మన షెడ్లల్లో ఆడవాటికి కంటికి రింగు, నంబరు, ఏ రోజు ఆబ్లేషన్, ఎన్నిసార్లు పెట్టింది అన్నీ రాస్తారు, మేల్స్‌కి ట్యాంకు నంబరు తప్ప ఏం ఉండదు. పెళ్ళయి రెండేళ్ళైనా పిల్లలు పుట్టకపోతే కోడల్ని ఆస్పత్రుల చుట్టూ తిప్పి, కొడుక్కి ఒక్క టెస్టు కూడా చేయించని ఇల్లు ఎలాగో మన మెచ్యురేషన్ సెక్షన్ అలాగే.

ఇంకో సంగతి, వనామీ స్పెర్మ్‌కి తోక ఉండదు, ఈదదు. గుండ్రటి ఒళ్ళు, దానికి ఒకే ఒక ముల్లు. గుడ్డు జారుతున్నప్పుడు దానికి తగలాలి, ఆ ముల్లు వైపు నుంచి పని జరగాలి. చేపల్లోలాగ మైక్రోస్కోప్‌లో కదులుతున్నాయా లేదా చూసి చెప్పడం కుదరదు. లెక్క చూడాలి, ఆకారం చూడాలి, రంగు వేసి బతికుందో లేదో చూడాలి.

టెక్నీషియన్‌తో వాదన పెట్టుకోకుండా పరీక్ష పెడదాం అన్నాను. అదృష్టం ఏంటంటే ఆ షిప్‌మెంట్‌లో వచ్చిన మేల్స్ రెండు చోట్ల ఉన్నాయి. ఎక్కువ భాగం కొత్త షెడ్డులో పనిలో ఉన్నాయి, ట్యాంకులు చాలక కొన్నిటిని మాత్రం పాత అక్లిమటైజేషన్ రూమ్‌లో (కొత్తగా వచ్చినవాటిని నీళ్ళకి అలవాటు చేసే గది) ఏసీలో రిజర్వ్ కింద వదిలేశారు. అన్నీ ఒకే పెట్టెల్లో చెన్నై నీలాంకరై క్వారంటైన్ నుంచి వచ్చినవే, అన్నదమ్ములు కూడా ఉండి ఉంటాయి. బయటి హ్యాచరీ నుంచి మేల్స్ తెచ్చి పోల్చే పని లేకుండా పోయింది, తెచ్చి ఉంటే బయోసెక్యూరిటీ (బయటి రోగాలు లోపలికి రాకుండా చూసే కట్టడి) గాల్లో కలిసేది.

ఒకే ట్యాంకులోని పండిన ఆడవి, మేటింగ్ కానివి ఏరాం. మేటింగ్‌కి వదలకుండా చేత్తోనే సంచి అంటించాం. మగదాని ఐదో జత నడక కాళ్ళ మొదట్లో రెండు వైపులా సంచి ఉంటుంది, వేలితో మెల్లగా నొక్కితే బయటికి వస్తుంది, గట్టిగా పిసికితే లోపల చితికిపోతుంది, ఇది చేత్తో నేర్చుకోవాల్సిన పని, చదివితే రాదు. ఆడదాన్ని తిప్పి పట్టుకుని థెలికం దగ్గర తడి టిష్యూతో అద్ది, సంచి నొక్కి పెట్టి, మెల్లగా నీళ్ళల్లోకి దింపాలి. సగం ఆడవాటికి కొత్త షెడ్డు మేల్స్ సంచి, సగం ఆడవాటికి ఏసీ రూమ్ మేల్స్ సంచి. ఒక్కోదాన్ని విడిగా టబ్బులో పెట్టాం, అన్నీ కలిపి ఒకే ట్యాంకులో స్పానింగ్ చేయిస్తే ఎవరి గుడ్లు ఎవరివో తెలిసి చావదు. కొత్త షెడ్డు సంచి పెట్టిన టబ్బుల్లో మళ్ళీ అదే ముద్ద గుడ్లు. ఏసీ రూమ్ సంచి పెట్టిన టబ్బుల్లో గుడ్లు చక్కగా విడిపోతున్నాయి, ఒక్క టబ్బులో తప్ప, దాంట్లో సంచి ఊడిపోయి అడుగున పడి ఉంది. ఆడవి అవే, నీళ్ళు అవే, తిండి అదే. ఆడవాటి మీద కేసు అక్కడితో కొట్టేశాం.

మరి అన్నదమ్ముల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చింది? రిజిస్టర్ చూస్తే ఆడవాటి రూమ్ 28, మేల్స్ షెడ్డు 28, రోజూ 28, 28, 28, ఒకే పెన్నుతో ఒకేసారి రాసినట్టు. రాత్రి డ్యూటీ చేసే కుర్రాడు, సోంపేట వైపు నుంచి వచ్చాడు, అప్పటిదాకా నోరు తెరవలేదు, టీ ఇస్తూ అన్నాడు: "ఆ రూములో సెయ్యెడితే సల్లగుంటాది బావూ, ఈ షెడ్డులో గోరెచ్చగుంటాది, మరి రిజిస్టర్లో ఒకటే ఏటి రాస్తారో నాకైతే తెల్దు." థర్మామీటర్ పెడితే మధ్యాహ్నం మూడు దాటాక 32 చూపించింది, తెల్లవారుజామున కూడా 29 కిందకి దిగలేదు. ఏమైందంటే కెపాసిటీ పెంచేటప్పుడు మేల్స్‌ని పక్కన రేకుల షెడ్డులోకి మార్చారు, ఆ షెడ్డుకి పడమటెండ నేరుగా తగులుతుంది, దానికి పెట్టిన చిల్లర్ కంప్రెసర్ ఏప్రిల్‌లో పోయింది, బాగుచేయించే బదులు ఉన్న చల్లదనం అంతా ఆడవాటి రూమ్‌కి తిప్పేశారు. మేల్స్‌కి ఏం కావాలి, తింటున్నాయి, తిరుగుతున్నాయి, వెంటపడుతున్నాయి అనుకున్నారు.

అలా అనుకోవడంలో వాళ్ళ తప్పు పూర్తిగా లేదు. చెరువులో 30, 31 డిగ్రీల దగ్గర వనామీ హాయిగా తింటుంది, పెరుగుతుంది, రైతుకి ఇంకేం కావాలి. పెరగడానికి సరిపోయే వేడి వేరు, వీర్యానికి సరిపోయే వేడి వేరు. టెక్సాస్ వాళ్ళు 2001లో మగ వనామీని 26, 29, 32 డిగ్రీల దగ్గర విడివిడిగా పెంచి చూశారు, 26 దగ్గర స్పెర్మ్ అన్నిటికంటే బాగుంది, 32 దగ్గర లెక్క బాగా పడిపోయి వంకర స్పెర్మ్ ఎక్కువైంది. రొయ్య మాత్రం బతికే ఉంటుంది, పైకి ఏమీ తెలీదు.

మేల్స్‌ని తిప్పి చూశాం. మామూలుగా ఆ ఐదో కాలి మొదట్లో పాలలాగ తెల్లగా, ఉబ్బుగా కనపడాలి. షెడ్డు వాటిలో చాలావాటికి సంచి పల్చగా, నీళ్ళగా ఉంది, కొన్నిటికి గోధుమ రంగు మచ్చ, కొన్నిటికి పూర్తిగా నల్లబడింది. నల్లబడినవాటి సంగతి ఇంక చెప్పక్కర్లేదు. పల్చగా ఉన్నవాటివి, తెల్లగానే కనపడుతున్నవాటివి కూడా తీసి, కాల్షియం లేని సెలైన్‌లో మెత్తగా నూరి, ఇయోసిన్ నైగ్రోసిన్ రంగు వేసి చూశాం, లెక్కకి హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ళ స్లైడు). కాల్షియం లేని సెలైన్ ఎందుకంటే కాల్షియం తగిలితే స్పెర్మ్ రియాక్ట్ అయిపోయి ఆకారం మారుతుంది, అసలు లోపం ఏదో, మనం తెచ్చిపెట్టిన లోపం ఏదో తెలీకుండా పోతుంది. ఏసీ రూమ్ మేల్స్‌లో ఛాంబర్ నిండా స్పెర్మ్, ముల్లు సూటిగా ఉంది. షెడ్డు వాటిలో సగానికి పైగా ముల్లు విరిగినవి, వంగినవి, అసలు ముల్లే లేనివి, మిగతావాటిలో రంగు పీల్చేసుకుని చచ్చినవి, ఒకటి రెండు రొయ్యల్లో అయితే వెతికితే గానీ స్పెర్మ్ కనపడలేదు. టెక్నీషియన్ ఐపీస్ దగ్గర చాలాసేపు ఉండి "సంచి ఉంది సార్, సరుకు లేదు" అన్నాడు. దీని టైటిల్ అతనిదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒక మగదాన్ని తిప్పి చూసి సంచి ఖాళీగా ఉందని ఆ రోజే తీసి పారేయకండి. మగ వనామీకి కూడా ఒక నెలసరి లాంటిది ఉంది, ఇది జోక్ కాదు, 2006లో ఇజ్రాయెల్ వాళ్ళు చూపించారు: మౌల్ట్‌కి ముందు పాత సంచులు వదిలేస్తుంది, మౌల్ట్ అయ్యాక కొత్తవి తయారవుతాయి. కాబట్టి ఏ రోజు చూసినా ట్యాంకులో కొన్ని సహజంగానే ఖాళీగా ఉంటాయి. తోక రెక్క అంచు మైక్రోస్కోప్ కింద పెడితే కొత్త పెంకు లోపల వెంట్రుకలు ఏర్పడుతున్నాయో లేదో తెలుస్తుంది, మౌల్ట్ దగ్గరుందంటే దాన్ని ఆగి మళ్ళీ చూడాలి. ఆ హ్యాచరీలో మేల్స్ మౌల్ట్ రాసే అలవాటే లేదు, పెంకులు తీసి పారేస్తున్నారు గానీ ఏ ట్యాంకులో ఎన్ని పెంకులో ఎవరూ లెక్కపెట్టలేదు.

ట్రీట్‌మెంట్ అంటే మందు ఉంటుందని ఓనర్ గారు ఎదురుచూశారు. విటమిన్ ఇ, సెలీనియం, మంచి కొవ్వులు, అస్టాక్సాంతిన్ ఇవన్నీ బ్రూడర్ తిండిలో ఉండాల్సిందే, కాదనను, తక్కువైతే స్పెర్మ్ దెబ్బతింటుంది. కానీ వీళ్ళ తిండిలో అవి తక్కువ లేవు, అదే తిండి తిన్న ఏసీ రూమ్ మేల్స్ బాగున్నాయి కదా. 32 డిగ్రీల నీళ్ళల్లో కూర్చోబెట్టి విటమిన్ పోస్తే ఆ డబ్బు డ్రెయిన్‌లోకి పోతుంది. ఇంకొకాయన మేల్స్‌కి కూడా ఒక కన్ను ఆబ్లేషన్ చేస్తే సంచి పెద్దదవుతుందని సలహా ఇచ్చాడట, వద్దన్నాను, ఇప్పటికే వేడికి నలిగిన జంతువుకి ఇంకో దెబ్బ ఎందుకు. ఆడవాటికి ఆబ్లేషన్ చేస్తామంటే కంటి కాడలో గుడ్డు పెరుగుదలని ఆపే హార్మోన్ తయారయ్యే గ్రంథి ఉందని చేస్తాం, అదీ ఇప్పుడు చాలా దేశాల్లో మానేద్దామనే చూస్తున్నారు.

చేసింది ఇంతే. కంప్రెసర్ బాగుచేయించారు. అది వచ్చేదాకా రేకుల మీద తాటాకు కప్పించి, పడమటి వైపు షేడ్ నెట్ రెండు వరసలు కట్టించాం, రేకుల కింద థర్మోకోల్ వేయించాం, దానికే రెండు డిగ్రీల దాకా తగ్గింది. నీళ్ళని ఒక్కసారి దింపకుండా రోజుకి కొంచెం కొంచెం 27 దగ్గరికి తెచ్చాం. నల్లబడినవి, బాగా ముసలివి తీసి బ్లీచింగ్ వేసి పాతిపెట్టించాం. మిగిలినవాటిని పలచగా పంచి మేటింగ్‌కి వాడకుండా విశ్రాంతిలో పెట్టాం, ఆ లోపు నడవడానికి ఏసీ రూమ్ మేల్స్‌ని పనిలోకి దించాం, అవి తక్కువ కాబట్టి ఆడవాటిని కూడా తక్కువే పంపాం. ఇది ఓనర్ గారికి నచ్చలేదు, ఆర్డర్లు ఉన్నాయి, కోత పెడితే రైతులు పక్క హ్యాచరీకి పోతారు అన్నారు. ఉన్న కొద్ది మేల్స్‌ని రోజూ వాడితే వాటి సంచి కూడా పల్చబడుతుంది, అప్పుడు రెండు వైపులా పోతాం అని చెప్పి ఒప్పించడానికి లోపం వెతకడం కంటే ఎక్కువ టైమ్ పట్టింది.

నీళ్ళు చల్లబడిన మర్నాడే నాప్లీ వస్తుందని అనుకోకండి. చెడిన సంచి వదిలి కొత్తది రావాలి, ఆ కొత్తదానికి కావాల్సిన స్పెర్మ్ చల్లటి నీళ్ళల్లో మొదటి నుంచి తయారవ్వాలి. మొదటి మౌల్ట్ తర్వాత తీసిన శాంపిల్స్‌లో సంచి తెల్లబడింది గానీ వంకర స్పెర్మ్ ఇంకా చాలానే ఉంది, ఓనర్ గారు అప్పుడు మళ్ళీ షిప్‌మెంట్ మాట ఎత్తారు. రెండో మౌల్ట్ తర్వాత లెక్క, ఆకారం రెండూ బాగా లేచాయి, హ్యాచింగ్ 60 దాటింది. కొన్ని మేల్స్ మాత్రం ఎంతకీ కోలుకోలేదు, వాటిని తీసేశాం.

మధ్యలో ఇంకో ప్రమాదం తప్పింది, దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను ఎందుకంటే ఇది చాలామంది చేస్తున్న పని. మేల్స్ తక్కువయ్యాయి కదా అని మేనేజర్ ఒక ఉపాయం చెప్పాడు, మన సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన రైతు చెరువులో 40 గ్రాముల మగవి బ్రహ్మాండంగా ఉన్నాయి, వందో రెండొందలో తెచ్చుకుందాం, షిప్‌మెంట్ ఖర్చు మిగులుతుంది అని. మొదటి సంగతి, చెరువులోకి దిగిన రొయ్య ఇంక ఎస్‌పీఎఫ్ (ఫలానా రోగాలు లేవని తేల్చిన రొయ్య) కాదు, వైట్ స్పాట్, ఈహెచ్‌పీ లాంటి రోగాల్లో ఏది మోసుకొస్తుందో తెలీదు, రూల్స్ ప్రకారం కూడా తప్పే. రెండోది జెనెటిక్స్. ఆ చెరువు రొయ్యలు ఎవరి పిల్లలు? ఈ ట్యాంకుల్లోని ఆడవాటి పిల్లలే. వాటిని తెచ్చి వీటి మీదే వదిలితే తల్లీకొడుకుల్ని కలిపినట్టే. తల్లీకొడుకులైనా, సొంత అన్నాచెల్లెళ్ళైనా పుట్టే పిల్లల ఇన్‌బ్రీడింగ్ 25 శాతం, సగం తోబుట్టువులైతే 12.5. ఇదీ అసలు ఇన్‌బ్రీడింగ్ అంటే, ఓనర్ గారు మే నెలలో సప్లయర్ మీద వేసిన నింద కాదు.

మేల్స్ తక్కువైతే జన్యుపరంగా ఎంత నష్టమో ఒక చిన్న లెక్క చూపించాను. ట్యాంకుల్లో వంద ఆడవి, వంద మగవి సరిగ్గా పనిచేస్తుంటే జన్యుపరంగా మన గుంపు అసలు సైజు రెండొందలు. అదే వంద ఆడవాటికి పని చేసే మగవి పదే ఉంటే? నాలుగు రెట్లు పది ఇంటూ వంద, భాగించు నూటపది, 36 వస్తుంది. కళ్ళకి నూటపది జంతువులు కనపడతాయి, జీన్స్ లెక్కలో 36. షెడ్డు వేడెక్కినప్పుడు జరిగింది ఇదే, మగవి గుంపుగా ఉన్నా ఆ నెల నాప్లీకి తండ్రులు చాలా కొద్దిమందే అయి ఉంటారు. సీడ్ రైతు చెరువులో పెరిగి ప్రాసెసింగ్ ప్లాంటుకి వెళ్ళిపోతే దీనివల్ల పెద్ద నష్టం లేదు, అక్కడితో ఆ గీత ఆగిపోతుంది. ఆ సీడ్ నుంచే మళ్ళీ బ్రూడర్లు తీద్దామనుకున్నవాడికి మాత్రం పెరుగుదల, బతుకు, సైజు తేడా అన్నిట్లో దెబ్బ పడుతుంది, అదీ ఒకటి రెండు తరాల తర్వాత, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఇదంతా విని ఓనర్ గారు ఒకటి అడిగారు, మేల్స్‌లో లోపం అంటే మగ క్రోమోజోమ్ లోపమా అని. మంచి ప్రశ్నే. మనుషుల్లో తండ్రి ఇచ్చే క్రోమోజోమ్‌ని బట్టి కొడుకో కూతురో తేలుతుంది, ఈ రొయ్యల్లో తిరగబడి ఉంటుంది, మగదానికి జెడ్ జెడ్, ఆడదానికి జెడ్ డబ్ల్యూ, కొడుకా కూతురా అనేది తల్లి గుడ్డులో తేలిపోతుంది. వనామీకి 88 క్రోమోజోములు, జీనోమ్ చాలావరకు 2019లో చదివేశారు. ఈ కేసులో వాటిలో దేనికీ సంబంధం లేదు, అవే క్రోమోజోములు ఉన్న అన్నదమ్ములు పక్క రూమ్‌లో బాగున్నారు కదా అన్నాను. "అయితే నా రేకుల షెడ్డే లోపం అంటారు" అన్నారు ఆయన, నవ్వలేదు గానీ కోపం కూడా పడలేదు.

ఇప్పుడు ఆ హ్యాచరీలో మేల్స్ ట్యాంకుకి విడిగా థర్మామీటర్ ఉంది, మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారుజామున రెండుసార్లు రాయాలి, రాసేది సోంపేట కుర్రాడు. వారానికోసారి పది మేల్స్ తిప్పి చూసి సంచి రంగు రాస్తారు, రెండిటివి తీసి మైక్రోస్కోప్ కింద పెడతారు. ప్రతి స్పానింగ్ రాత్రి గుడ్ల శాంపిల్ చూడటం నేను చెప్పాను గానీ వారానికి రెండు రాత్రులకి దిగింది, అదైనా నయమే. పెంకులు ట్యాంకువారీగా లెక్కపెడుతున్నారు. ఫెర్టిలైజేషన్ బాగానే నడుస్తోంది, నాప్లీ నిండుగా పైకి లేస్తోంది, మొన్న ఫోన్ చేసి జోయియా-2 (నాప్లీ తర్వాతి లార్వా దశ) దగ్గర రెండు ట్యాంకులు పడిపోయాయని చెప్పారు, పేగు ఖాళీగా ఉందట, తిండి తీసుకోవట్లేదట. అది మేల్స్ మీదకి తోయడానికి లేదు, ఆల్గే, ట్యాంకు నీళ్ళ శాంపిల్స్ పంపమన్నాను.